పన్నెండు లైన్ల జాగా

 వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలూ, ముందు వరస ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి. మొదటి వరస ఖాళీగా ఉంటే మాట్లాడేవాడికి తెల్లకాగితం ముందు కూర్చున్నట్టే ఉంటుంది. ఇవాళ మనం మాట్లాడుకోబోయేదీ ఆ కాగితం గురించే.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు ఆహ్వానపత్రిక మీద లేదు. నలుగురైదుగురు నాకు ఫోన్ చేసి, అచ్చుతప్పా అని అడిగారు. ముప్ఫై ఏళ్ళకి పైగా అచ్చుతప్పులు పట్టిన మనిషి కాబట్టి ఆ అనుమానం న్యాయమే. తప్పు జరగలేదండి. ఆయన దాచుకున్న డబ్బు బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా ఒక ప్రసంగం పెట్టించమని రాసిచ్చిన కాగితంలోనే ఒక షరతు ఉంది. తన పేరు ఎక్కడా అచ్చవకూడదు. బతికున్నన్నాళ్ళూ అచ్చవలేదు, పోయాక ఎందుకు అన్నారట. ప్రెస్సులో అందరూ ఆయన్ని ప్రూఫుల మాస్టారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

మాస్టారిని చూడనివాళ్ళ కోసం ఒక్క సంగతి చెబుతాను. పక్కన ఒక కుర్రాడు రాతప్రతి పైకి చదువుతుంటే ఈయన గ్యాలీ ప్రూఫు మీద కళ్ళు పెట్టి వినేవారు. కుర్రాడు కామాలు కూడా పైకి చదవాలి. అరగంట అలా సాగాక ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపేవారు. తప్పు దొరికిందేమో అనుకునేవాళ్ళం. చాలాసార్లు తప్పేమీ ఉండేది కాదు. "ఇక్కడ ఈయనకి రాయాలని లేదు, రాశాడు" అనేవారు. అక్షరదోషాలు దిద్దినందుకు ఆయనకి జీతం ఇచ్చేవారు. ఈ రెండో పనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా ప్రసంగం ఆ బాకీ కింద జమ.

1. చెయ్యి ఆడకపోవడం

విషయం, రాయలేకపోవడం. ఇంగ్లీషులో దీన్ని రైటర్స్ బ్లాక్ అంటారు. ఆ మాట మరీ పాతదేం కాదు. 1940లలో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడు వాడకంలోకి తెచ్చాడు. ఆస్ట్రియా నుంచి వెళ్ళి న్యూయార్కులో స్థిరపడిన వైద్యుడు. వైద్యుడి నోట పుట్టింది కాబట్టి ఆ మాటకి ఆసుపత్రి వాసన ఉంది. ఇప్పుడు బ్లాక్ అంటే మనకి గుండె రక్తనాళం గుర్తొస్తుంది, కాకపోతే వీధి చివరి డ్రైనేజీ. రెండిటికీ వైద్యం ఒకటే, అడ్డుపడ్డదాన్ని తోసెయ్యడం. లోపల నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి, దారిలో రాయి పడింది, రాయి తీస్తే పారతాయి అని ఆ మాట మనకి తెలియకుండానే నమ్మకం కలిగిస్తుంది.

తెలుగులో దీనికి పేరు లేదు, వాక్యాలున్నాయి. కలం కదలడం లేదు. రాత సాగడం లేదు. అన్నిట్లోకీ నాకు నచ్చింది, చెయ్యి ఆడటం లేదు. ఇది రచయితలు పుట్టించిన మాట కాదు. చావు కబురు విన్న మనిషి అంటాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయిన ఇల్లాలు అంటుంది, కాలూ చెయ్యీ ఆడలేదని. ఊపిరి ఆడేదీ, పిండిమర ఆడేదీ, పిల్లలు ఆడేదీ ఈ క్రియతోనే. బ్లాక్ అన్నామా, రాయి ఎక్కడుందో వెతుకుతాం. చెయ్యి ఆడటం లేదన్నామా, చేతికి ఏమయిందని అడుగుతాం. ఎవరు చూస్తున్నారని బిగుసుకుపోయింది?

నవ్వుకోవడానికి ఒక కథ. 1974లో అమెరికాలో డెన్నిస్ అప్పర్ అనే మనస్తత్వవేత్త ఒక పరిశోధన పత్రికలో వ్యాసం అచ్చు వేయించాడు. రాయలేనితనానికి తనకి తానే వైద్యం చేసుకోబోయి విఫలమైన వైనం అని శీర్షిక. కింద పేజీ అంతా తెలుపు. ఒక్క అక్షరం లేదు. ఆ వ్యాసాన్ని పరిశీలించినాయన నిమ్మరసం పూసీ, ఎక్స్‌రే తీసీ చూశాననీ, ఒక్క లోపమూ కనపడలేదనీ మెచ్చుకున్న మాటలు కూడా అదే పేజీ అడుగున వేశారు. నేనూ అదే పని చేస్తే ఈపాటికి మనం టీ తాగుతూ ఉండేవాళ్ళం.

అయితే ఆ పేజీని ఇంకోసారి చూడండి. పూర్తి తెలుపు అన్నాను గానీ పైన రెండు ఉన్నాయి. శీర్షిక, దాని కింద రచయిత పేరు. చెయ్యి ఆడటం మానేశాక కూడా కాగితం మీద పేరు ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

2. బయటికి వెళ్ళిన కవులు

పోతన కథ మీ అందరికీ తెలుసు. ఆయనది ఓరుగల్లు వైపా, ఒంటిమిట్ట వైపా అని మన పండితులు పడిన తగువులో పదోవంతు శ్రద్ధ ఈ కథ మీద పెట్టలేదని నాకో ఫిర్యాదు ఉంది. గజేంద్రమోక్షం రాస్తున్నాడు. మడుగులో ఏనుగు పిలుస్తోంది. ఆ పిలుపు వినే విష్ణువు ఆ క్షణాన ఎక్కడున్నాడో చెప్పాలి. వైకుంఠం అన్నాడు, అందులో నగరు అన్నాడు, అందులో ఒక మేడ, ఆ మేడ పక్కన... అక్కడ ఆగిపోయాడు. చూసొచ్చిన ఊరు కాదు కదా. గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే రాముడు పోతన రూపంలోనే ఇంటికొచ్చి, పద్యం పూర్తి చేసి పోయాడు. తిరిగొచ్చి, ఇదెవరు రాశారని అడిగితే కూతురు, ఇందాక నువ్వే కదా నాన్నా వచ్చి రాసి వెళ్ళావు అంది.

జయదేవుడి కథ దీనికి అన్న. 12వ శతాబ్దం, గీతగోవిందం, పందొమ్మిదో అష్టపది. అలిగిన రాధని బతిమాలుతూ కృష్ణుడు, ఆమె పాదాన్ని తన తల మీద పెట్టమని అడగాలి. మాట మనసులోకి వచ్చేసింది. దేవుడి నెత్తి మీద ఆడదాని కాలు పెట్టించడమా అని చెయ్యి వణికింది. స్నానానికని వెళ్ళిపోయాడు. కృష్ణుడు జయదేవుడి రూపంలో వచ్చి, పద్మావతి వడ్డించిన అన్నం కూడా తిని, ఆ చరణం రాసి వెళ్ళాడు.

భక్తి ఒక్క నిమిషం పక్కన పెట్టి, పనివాళ్ళ కళ్ళతో ఈ రెండు కథల్నీ చూద్దాం. ఇద్దరూ ఆగారు గానీ ఒకే కారణానికి ఆగలేదు. పోతనకి తెలియక ఆగింది. జయదేవుడికి తెలిసే ఆగింది. మొదటిది సులువైన జబ్బు. తెలియనిదాన్ని తెలుసుకోవచ్చు, చూడనిదాన్ని చూసి రావచ్చు, వైకుంఠమైతే ఊహించుకోవచ్చు. రెండోదానికి గ్రంథాలయంలో మందు లేదు. రాయాల్సిన మాట నాలుక చివర ఉంటుంది, చెయ్యి ఒప్పుకోదు. బేతాళుడి షరతు గుర్తుందిగా. జవాబు తెలిసీ నోరు విప్పకపోతే తల పగులుతుంది. మా రచయితల్లో చాలామందికి అలా పగిలిన తలలే ఉన్నాయి, పైకి దువ్వుకుని తిరుగుతాం.

ఇంకొకటి. రాముడు ఖాళీ తాటాకు దగ్గరికి రాలేదు. సగం అయిన పద్యం దగ్గరికి వచ్చాడు. ప్రేరణ, స్ఫూర్తి అని పెద్ద మాటలు మనకి చాలా ఉన్నాయి గానీ ఇంట్లో మనం వాడే మాట ఒకటే, తట్టింది. ఫలానా సంగతి తట్టింది. తట్టేది తలుపుని. గోడలు లేకుండా, గుమ్మం లేకుండా ఊరికే పడున్న ఖాళీ స్థలంలో ఎవరొచ్చి ఏం తడతారు? ప్రేరణ కోసం ఎదురుచూస్తున్నానని చెప్పే కుర్రవాళ్ళని నేను అడిగేది అదే. బాబూ, తలుపు బిగించావా?

ఇక మూడో సంగతి. నన్ను చాలా ఏళ్ళుగా వదలనిది ఇదే. వచ్చినవాడు కవి రూపంలో వచ్చాడు. ఇంట్లోవాళ్ళు ఆనవాలు పట్టలేదు. పద్మావతి ఎదురుగా కూర్చుని అన్నం పెట్టింది. కట్టుకున్న మనిషిని పోల్చుకోలేదా? అంటే, రాసింది కవే అనడానికి రెండిళ్ళలోనూ ప్రత్యక్షసాక్షులున్నారు. నేను రాయలేదు అంటున్నవాడు కవి ఒక్కడే. నేనైతే సాక్షుల మాటే నమ్ముతాను. రాసింది జయదేవుడే. కాకపోతే, కవి జయదేవుడు అనే పేరుని ఒడ్డున బట్టలతోపాటు విప్పి పెట్టేసిన జయదేవుడు. ఆ మనిషికి, ఇలా రాస్తే లోకం ఏమంటుందన్న జంకు లేదు. ఆకలేస్తే అన్నం తిన్నాడు, రాయాల్సింది రాశాడు, లేచిపోయాడు.

నా వాదం మొత్తం ఇంతే. చెయ్యి ఆడనప్పుడు చాలాసార్లు చేతికీ కాగితానికీ మధ్య కూర్చున్నది పేరు.

3. పేరు బరువు

న్యూయార్కర్ పత్రికలో జోసెఫ్ మిచెల్ అని ఒక గొప్ప వచన రచయిత ఉండేవాడు. రేవులో చేపలవాళ్ళు, సారాకొట్ల యజమానులు, దేశదిమ్మరులు, వీళ్ళ గురించి రాసేవాడు. 1942లో జో గౌల్డ్ అనే ఒక దిమ్మరి మీద రాశాడు. హార్వర్డ్‌లో చదివి, ఇల్లూ వాకిలీ లేకుండా న్యూయార్కు వీధుల్లో తిరిగే ఆ మనిషి, తాను వినే మాటలన్నీ గుచ్చి మన కాలపు మౌఖిక చరిత్ర ఒకటి రాస్తున్నాననీ, అది లక్షల మాటలు దాటిందనీ ఊరంతా చెప్పుకునేవాడు. అడిగినవాళ్ళకి నాలుగైదు నోటుపుస్తకాలు చూపేవాడు. గౌల్డ్ 1957లో పోయాడు. 1964లో మిచెల్ రెండోసారి రాస్తూ అసలు గుట్టు బయటపెట్టాడు. ఆ మహాగ్రంథం లేనే లేదన్నాడు. అవే రెండు మూడు అధ్యాయాల్ని మళ్ళీ మళ్ళీ తిరగరాసుకుంటూ బతికాడు.

ఆ తర్వాత జరిగింది వినండి. ఆ వ్యాసం అచ్చయిన 1964 నుంచి తాను పోయిన 1996 దాకా మిచెల్ ఆ పత్రిక ఆఫీసుకి వస్తూనే ఉన్నాడు. తన గదిలో కూర్చునేవాడు, సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఆ 32 ఏళ్ళలో పత్రికకి ఇంకొక వ్యాసం ఇవ్వలేదు. రాయని మనిషి గురించి రాసినవాడు రాయలేకపోయాడు. శాపం అంటారు కొందరు. నా ఊహ వేరు. మిచెల్ వచనానికి అప్పటికే పేరొచ్చేసింది. కొత్త వాక్యం ప్రతిదీ మిచెల్ రాసినట్టుండాలి. అందరికన్నా కఠినుడైన పాఠకుడు తన కుర్చీలోనే కూర్చుని ఉండగా ఎవరు రాస్తారు?

మన దగ్గర ఆత్రేయ ఉన్నారు. ఎన్.జి.ఓ., కప్పలు లాంటి నాటకాలు రాసి సినిమాకి వెళ్ళినాయన. రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని మద్రాసులో ఆయన మీద ఒక ఛలోక్తి ఉండేది. మనం దాన్ని బద్ధకం ఖాతాలో వేసి నవ్వుకుంటాం. నాకు అలా అనిపించదు. ఆత్రేయ పాటలో ఉండేవి నిఘంటువు అక్కర్లేని మాటలు, వంటింట్లోనూ వరండాలోనూ వినపడేవి. మనసు అనే ఒక్క మాటని అన్ని పాటల్లో అన్ని రకాలుగా వాడి మనసుకవి అనిపించుకున్నారు. కిందటి పాటలో వాడిన మనసు ఈ పాటలో చెల్లదు. పెద్ద సమాసాలు రాసేవాడు ఎలాగో సమాసం చాటున దాక్కుంటాడు. మామూలు మాటలతో రాసేవాడికి దాక్కునే చోటుండదు. మనసుకవి అని లోకం పేరు పెట్టాక ఆ మాట మళ్ళీ కాగితం మీద పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో కాస్త ఆలోచించండి.

4. ప్రెస్సులో ఒక సాయంత్రం

ఇప్పుడు నా సంగతి. చిన్నదే, అయినా చెప్పాలి, ఎందుకంటే మాస్టారు అందులోనే ఉన్నారు.

1980ల చివర్లో నా కథ ఒకదానికి బహుమతి వచ్చింది. దండ వేశారు, శాలువా కప్పారు, ఊళ్ళో కిరాణా కొట్టాయన కూడా రచయితగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒక్క కథ రాయలేదు. రాయలేదంటే కూర్చోలేదని కాదు. రోజూ తెల్లవారుజామున కూర్చునేవాణ్ణి. మొదటి వాక్యం రాసేవాణ్ణి. ఆ బహుమతి కథ రాసినాయన ఇలాంటి వాక్యం రాస్తాడా అనిపించేది. కొట్టేసేవాణ్ణి. మా ఆవిడ పాత కాగితాలు అమ్మేటప్పుడు, ఒక్క లైను కొట్టేసిన కాగితాలే ఎక్కువ తూగాయి. అటువైపు తెల్లగా ఉన్నాయని కొట్టాయన అర్ధరూపాయి ఎక్కువిచ్చాడు. నాలుగేళ్ళలో సాహిత్యం మీద నా సంపాదన అది.

ఒకరోజు ఎవరిదో పుస్తకం పనిమీద ప్రెస్సుకి వెళ్ళాను. వారపత్రిక పేజీలు కడుతున్నారు. ఇక్కడున్న పిల్లల కోసం చెబుతున్నాను. అప్పట్లో అక్షరం అంటే సీసపు ముక్క. చెక్క కేసుల్లో గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో అక్షరం, ఒత్తులకి వేరే గూళ్ళు. కంపోజిటరు వాటిని ఏరి వరస పేర్చేవాడు. పేజీ కట్టేసరికి ఒక్కోసారి కథ పొట్టిదై కింద జాగా మిగిలేది. లైన్ల మధ్య సీసపు బద్దలు, లెడ్లు అంటారు, అవి దూర్చి సాగదీయొచ్చు. లేదా ఏదైనా చిన్న ముక్క రాసి ఆ జాగా నింపాలి. దాన్ని ఫిల్లరు అనేవారు.

మాస్టారు తల ఎత్తకుండా అన్నారు, "పన్నెండు లైన్ల జాగా మిగిలిందండీ. లెడ్లు కొడితే పళ్ళూడిన నోరులా ఉంటుంది. ఏదన్నా రాసివ్వండి."

"దేని గురించి మాస్టారూ?"

"దేనిగురించయితే ఏం. పేరు వెయ్యం."

గ్యాలీ ప్రూఫు వెనక్కి తిప్పి నా ముందుకి తోశారు. ఎదురుగా ఒక కుర్రాడు అచ్చయిపోయిన పేజీ విప్పి, ఆ అక్షరాల్ని మళ్ళీ ఎవరి గూట్లోకి వాళ్ళని పడేస్తున్నాడు. కథ అయిపోయింది, నాయకుడు చచ్చిపోయాడు, వాడి పేరులోని అక్షరాలు గూళ్ళకి చేరుతున్నాయి, వచ్చేవారం అవే అక్షరాలు ఏ పప్పుల పొడి ప్రకటనలోకో వెళ్తాయి. అదే రాశాను. పది నిమిషాలు పట్టలేదు. మాస్టారు చదివి, ఒక దీర్ఘం దిద్ది కంపోజింగుకి పంపేశారు. బాగుందనలేదు, బాగులేదనలేదు. నాలుగేళ్ళుగా కదలని చెయ్యి, పేరు వెయ్యం అన్న ఒక్క మాటకి ఆడింది.

మరుసటి వారం పని కల్పించుకుని వెళ్ళాను. ఆ వారం తొమ్మిది లైన్లే. ఆపై వారం జాగా లేదు, ఉత్త చేతులతో తిరిగొచ్చాను, ఆ వెలితి ఇప్పటికీ గుర్తుంది. అలా ఏడెనిమిది నెలలు సాగింది. గుమ్మానికి కట్టిన ఎండిన మామిడాకుల గురించి, బస్టాండులో తప్పిపోయిన చెప్పు గురించి, ఏవేవో. ఒక వారం రాసింది పన్నెండు దగ్గర ఆగక నలభై దాటింది. మాస్టారు దాని పక్కన ఎర్ర సిరాతో, ఇది ఫిల్లరు కాదు, ఇంటికి పట్టుకెళ్ళండి అని రాశారు. అది నా తర్వాతి కథయింది. మీరు చదివే ఉంటారు, పేరు చెప్పను.

కొడవటిగంటి కుటుంబరావు గారిని నేను ఈ దృష్టితోనే చూస్తాను. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ పనిలో ఉన్నారు. అంత పని నడిపిన మనిషి పేరు సంపాదకుడిగా పత్రిక మీద ఉండేది కాదు. నెల తిరిగేసరికి విక్రమార్కుడు మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళాల్సిందే, శవాన్ని భుజాన వేసుకోవాల్సిందే. ప్రేరణ వచ్చాక వెళ్దాంలే అని విక్రమార్కుడు అనుకుంటే పిల్లలు ఊరుకోరు. ఆ ఏళ్ళలోనే సొంత పేరుతో కథలూ నవలలూ వ్యాసాలూ కుప్పలు పోశారు. నెలనెలా గడువు ఆయన్ని కట్టిపడేసి ఉంటుందని జాలిపడేవాళ్ళని చూశాను. పేరు పెట్టక్కర్లేని చోట రోజూ ఆడే చెయ్యి, పేరు పెట్టాల్సిన చోట బిగుసుకోలేదు. నాకు కనిపించేది అదీ.

5. ఒక అడ్డు ప్రశ్న

కిందటేడు ఇంకో ఊళ్ళో ఈ మాటే, పేరు దించుకోండి అని, కాస్త గొప్పగా చెప్పాను. ప్రసంగం అయ్యాక ఒకావిడ లేచి అడిగింది. "దించుకోమంటున్నారు బాగానే ఉంది. మాకు ఎక్కించింది ఎప్పుడండీ?"

జవాబు చెప్పలేకపోయాను. ఇంటికెళ్ళే దారిలో పి. సత్యవతి గారి ఇల్లలకగానే కథ గుర్తొచ్చింది. ఇల్లు ముచ్చటగా అలికీ, తుడిచీ, సర్దీ, ఆ సంబరంలో ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. అమ్మ అంటారు, ఏమోయ్ అంటారు, ఆంటీ అంటారు, పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు, అవసరమూ లేదు. వెతుక్కుంటూ వెళ్తే చివరికి చిన్ననాటి స్నేహితురాలి దగ్గర దొరుకుతుంది. రాయలేకపోవడం మీద ఇంతకన్నా మంచి కథ తెలుగులో లేదని నా అభిప్రాయం. ఆ కథలో రాయడం ప్రసక్తే లేదనుకోండి.

పెద్దన పేర ఒక చాటువు ఉంది. కృతి చెప్పమంటే ఏమేం కావాలో ఆయన చెప్పిన జాబితా. ఎవరూ కదిలించని చోటు, కర్పూరం వేసిన తాంబూలం, దాన్ని తెచ్చిచ్చే నచ్చిన మనిషి, ఇష్టమైన తిండి, ఊగే మంచం, మంచిచెడ్డలు తెలిసిన రసజ్ఞులు, ఊహ పట్టుకునే రాయసగాళ్ళు. అవేవీ లేకుండా ఊరికే కవిత్వం చెప్పమంటే సాధ్యమా అన్నాడు. మగ కవులందరం ఆ పద్యం చెప్పుకుని మురుస్తాం. ఆ తాంబూలం తెచ్చిన ఆవిడకి ఒక పద్యం రాయాలనిపిస్తే ఆమెకి ఏం కావాలో ఎవరైనా అడిగారా? ఆమె జాబితా పొట్టిగా ఉంటుంది. గంట సేపు ఎవరూ పిలవకపోతే చాలు.

అవేవీ లేకుండా సాధ్యమా అన్న పెద్దన పేరే ఇంకో చాటువు ఉంది కదా. రాయలవారు పోయాక ఏడ్చింది. ఎదురుపడితే ఏనుగుని ఆపి చెయ్యిచ్చి ఎక్కించుకున్న రాజు లేడు, తాను మాత్రం బతికి ఉన్నానని. అప్పటికి ఊగే మంచం లేదు, తాంబూలం లేదు, చెప్పమన్నవాళ్ళు లేరు. మనుచరిత్రలో పద్యం ఒక్కటీ రానివాళ్ళకి కూడా ఆ గోడు కంఠతా వచ్చు.

కాబట్టి నా వాదానికి సవరణ. పేరు మోస్తున్నవాళ్ళు కాస్సేపు దించుకోవాలి. పేరే లేకుండా చేసినవాళ్ళు ముందు అది వెతికి తెచ్చుకోవాలి, దాన్ని నాలుగు రోజులు గట్టిగా పట్టుకోవాలి. నాలాంటి శాలువా మనిషి చెప్పే సలహా వాళ్ళకి నప్పదు. ఆ ఊరి ఆవిడ ఇవాళ ఇక్కడ లేరు. ఉంటే బాగుండేది.

6. పడుగు కొసలు

ఒకసారి నేతపనివాళ్ళ మీద కథ మొదలుపెట్టి పోతన ఆగినట్టే ఆగాను. నేతగాడు మగ్గం గుంటలో కూర్చున్నాడు అని రాశాక, అతని చేతులేం చేస్తున్నాయో నాకు తెలియదు. మాస్టారు ఆ కాగితాలు చూసి, ఆగిన చోట తప్పు ఉండదండీ, రెండు పేరాల ముందు ఉంటుంది అన్నారు. చూస్తే రెండు పేరాల ముందు నేత గురించి నేనేదో గంభీరమైన ఉపమానం రాసి ఉన్నాను. కొట్టేసి, బస్సెక్కి మంగళగిరి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఒక పడుగు నేత అయిపోయి, చీరలు కోస్తున్నారు. పడుగంతా లాగి తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. పాత పోగుల కొసలు కాస్త మగ్గం అచ్చులోనే వదిలేశారు. కొత్త పడుగు తెచ్చి, దాని పోగులు ఒక్కొక్కటే పాత కొసలకి అతుకుతూ కూర్చున్నారు, వందల కొద్దీ. మొత్తం తీసేస్తే మళ్ళీ మొదటినుంచి ప్రతి పోగూ అచ్చులోంచి ఎక్కించుకోవాలి, దానికన్నా ఇది నయం అన్నాడు ఇంటాయన. నేను అడిగాననే చెప్పాడు, అందులో అతనికి విశేషమేమీ కనపడలేదు. ఆ రోజునుంచి నేను రాత ఆపేటప్పుడు ఉన్నదంతా ఊడ్చి రాసెయ్యను. రేపటి వాక్యం ఒకటి తెలిసి ఉండగానే లేస్తాను. హెమింగ్వే కూడా ఇలాంటి సలహాయే ఇచ్చాడు, అయితే ఆయన దగ్గరికి వెళ్ళడానికి మంగళగిరి బస్సు చాలదు.

నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగింది. ఎందుకాగిందో కథలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆ మిగిలిన ముక్క ముట్టకుండా విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎర్రన దాని ముందు కూర్చున్నాడు. అంతకన్నా భయంకరమైన ఖాళీ జాగా మన సాహిత్యంలో ఇంకొకటి లేదు. అటు నన్నయ, ఇటు తిక్కన. ఎర్రన ఏం చేశాడు? ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ, నన్నయ నడకతో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన నడకలోకి దించాడు. పర్వం చివరికొచ్చాక గానీ తన పేరు చెప్పుకోలేదు. హరివంశం, నృసింహపురాణం రాసిన కవి, ప్రబంధపరమేశ్వరుడనిపించుకున్న కవి, ఆ కొన్ని ఆశ్వాసాలపాటు పాత కొసలకి కొత్త పోగులు అతుకుతూ కూర్చున్నాడు.

అన్ని ఖాళీలూ నింపితీరాలని నేననను. త్రిపుర గారు పట్టుమని పదిహేను కథలు రాసి ఊరుకున్నారు. పదహారోది ఎందుకు రాయలేదని ఆయన్ని ఎవరైనా అడిగి ఉంటే ఆ ప్రశ్నే తప్పు. చెయ్యి ఆడకపోవడం వేరు, చెయ్యి కడుక్కోవడం వేరు.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. ఈ ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా వేస్తారట. ఇప్పుడు సీసం లేదు, కేసులు లేవు, అంతా కంప్యూటరే. అయినా ఫారం ఇప్పటికీ పదహారు పేజీలే. నేను చెప్పిందంతా కలిపినా పదిహేనో పేజీ మధ్యకి వచ్చేలా ఉంది. లెడ్లు కొట్టి లాగడం మాస్టారికి ఇష్టం ఉండేది కాదు. వెనక నిలబడ్డ పిల్లల్లో ఎవరైనా, ముందుకి రమ్మంటే రాలేదు కదా, మీలోనే ఎవరైనా ఈ ఆదివారంలోగా పన్నెండు లైన్లు రాసి పంపండి. దేని గురించయినా పర్వాలేదు.

పేరు వెయ్యం.